వేర్లు కోసిన పుట్టగొడుగులు

మా అత్త సుగుణమ్మ నోటికి మా ఊరు రెండు కారణాలతో భయపడేది. ఒకటి ఆమె తిట్టు, రెండోది పుట్టగొడుగుల మీద ఆమె తీర్పు. తిట్టు ఏడాది పొడుగునా ఉండేది. తీర్పు మాత్రం వానలు పడే రోజుల్లోనే.

ఆళ్లగడ్డ నుంచి అడవి వైపు వచ్చే దారిలో మాదే చివరి ఊరు. మా చేల గట్లు అయిపోయిన చోట నల్లమల మొదలవుతుంది. ఉరుములతో ఒక మంచి వాన పడిందంటే మర్నాడు తెల్లవారేసరికి సగం ఊరు అడవి అంచున నడుములు వంచి వెతుకుతూ ఉండేది. పొద్దెక్కేసరికి ఆ జనమంతా తడిగుడ్డల్లో, బుట్టల్లో, చీర కొంగుల్లో పుట్టగొడుగులు మూటగట్టుకుని మా పంచకు వచ్చేవాళ్లు. అత్త చూసి "తినొచ్చు" అంటేనే ఏ ఇంట్లోనైనా అవి పొయ్యి ఎక్కేవి. "థూ" అన్నదా, రోడ్డు మీదికి పోయేవి. ఇది ఆమె తల్లి నుంచి వచ్చిన పని. దీనికి ఎవరూ ఏమీ ఇచ్చేవాళ్లు కాదు, పోతూ పోతూ తలా ఒక గుప్పెడు మా చేటలో వేసేవాళ్లు, అంతే. ఆ నెలల్లో మేము కూరగాయలు కొన్నది లేదు.

నేను ప్యాపిలి పిల్లను. రాళ్లూ వేరుశనగ చేలూ తప్ప ఏమీ తెలియనిదాన్ని. పుట్టగొడుగు అంటే పెంటకుప్ప మీద లేచేదనీ, పిల్లలు కాలితో తన్ని ఆడుకునేదనీ అనుకునేదాన్ని. దాన్ని తింటారని పెళ్లయ్యాకే తెలిసింది. పంచలో అత్త కూర్చునే పీట పక్కనే నా కుట్టుమిషన్ ఉండేది. ఊరి జాకెట్లూ ఊరి పుట్టగొడుగులూ ఒకే చోట తేలేవి. తేడా ఏమిటంటే నేను కుట్టిన జాకెట్‌కు పది వంకలు పెట్టేవాళ్లు. అత్త చెప్పినదానికి ఒక్కరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు.

నేను చెప్పబోయేది రెండేళ్ల కిందటి వానాకాలం మాట. తొలి ఉరుములు ఆగిన మర్నాడు పంచ నిండిపోయింది. కిరాణా అంగడి రామేశ్వరమ్మ అందరికంటే ముందు వచ్చింది. వాళ్లది మాంసం ముట్టని ఇల్లు, అందుకే పుట్టగొడుగులంటే ప్రాణం. స్టీలు గిన్నె నిండా తెచ్చి అత్త ముందు పెట్టింది.

"చూసే పనే లేదులే సుగుణక్కా. వెల్లుల్లి ఏసి ఉడకబెట్టి చూసినా. నల్లబడలేదు."

"వెల్లుల్లి యాడ చదివిందిమే డాక్టరు చదువు?" అంది అత్త.

"మా ఇంటెనక మేక గూడా తినింది. ఏం గాలేదు."

"మేక జిల్లేడాకు గూడా నముల్తాది. నువ్వు నముల్తావా? దాని కడుపు దాన్ది, నీ కడుపు నీది."

పంచలో అందరూ నవ్వారు. అత్త గిన్నెలోంచి ఒక్కొక్కటే తీసి, తిప్పి, కాడ చివర వేలితో తడిమి చూసింది. ఆరో ఏడో మంచివే వచ్చాయి. ఆ తర్వాతది చూసి గిన్నె మొత్తం రోడ్డు మీద బోర్లించింది.

"అయ్యో, మంచివి గూడా పారేస్తివి గదక్కా!"

"ఒక్కటి కుక్కగొడుగు కలిసినాక మంచివి యాడుంటాయిమే? ఒకదాని మీద ఒకటి పొర్లాడినాయి. పో, రేపు మళ్లా పోయి ఎతుక్కో."

రామేశ్వరమ్మ గొణుక్కుంటూ ఖాళీ గిన్నెతో పోయింది. పోయిందేగానీ పారేసినవాటిలో ఒక్కటి కూడా ఏరుకోలేదు. అత్త మాట అలాంటిది. నాకు ఆమె మీద ఎన్ని ఉన్నా ఆ పీట మీద కూర్చున్నప్పుడు మాత్రం చూడముచ్చటగా ఉండేది. ఆ ముచ్చట ఆమెకూ తెలుసు. నలుగురు చేరితే వీపు నిటారుగా పెట్టి, గొంతు ఒక మెట్టు పెంచేది.

ఆ విద్య నాకు చెప్పమని అడిగితే, "నేను సచ్చినాక చెప్తాలే" అనేది. చివరికి మోకాలి నొప్పి పుణ్యమా అని చెప్పాల్సి వచ్చింది. గుట్ట ఎక్కడానికి, బుట్ట మొయ్యడానికి నన్ను వెంటబెట్టుకుని పోయింది. ముళ్లకంపల నడుమ ఒక చెదల పుట్ట, దాని చుట్టూ తెల్లగా విచ్చుకున్న గొడుగులు. నేను పరిగెత్తి ఒకదాన్ని పుటుక్కున విరవబోతే చేతి మీద ఒక్కటి వేసింది.

"విరిస్తే ఏం తెలుస్తాదే? పెరకల్ల. వేలు కిందికి పెట్టి, మన్ను గెలికి, వేరు తెగకుండా నిదానంగా గుంజల్ల."

గుంజితే వచ్చింది. పైన జానెడు లేదు, కింద మాత్రం మూరెడు వేరు. కొసకు పోయేకొద్దీ సన్నబడి, మట్టి పట్టి, ఎలుక తోకలా ఉంది.

"సూడు. పుట్టలో పుట్టిందానికి పుట్టలోపలి దాకా వేరు ఉంటాది. కుక్కగొడుగుకు అట్లుండదు. కాడ కింద గుండ్రంగా ఉబ్బి ఆడికే ఆగిపోతాది. పైన సూస్తే రెండూ అక్కాచెల్లెళ్లే. తెలుపూ అంతే, గొడుగూ అంతే. ఇదో, ఈ నడినెత్తిన మొన ఉండాదే, దీన్ని సూసి గూడా మోసపోయినోళ్లు ఉండారు. కిందికి సూస్తేనే ఎవురు ఎవురో తెలిసేది."

"వేరు కోసి తెస్తే ఎట్లత్తా?"

"ముట్టుకోను. పుట్ట మీద నా కండ్లతో సూసి నేనే పెరికినదైనా, వేరు తెగితే ఆడనే పారేసి వస్తా. మా యమ్మ చెప్పిన మాట అది."

ఆమె నాకు నేర్పింది ఈ ఒక్కటే. నిజం చెప్పాలంటే నేర్చుకోవలసింది కూడా ఈ ఒక్కటే.

మా చర్చిలో వానాకాలం నడుమ తొలిపంట పండుగ చేస్తారు. ఎవరి చేలో ఏది మొదట చేతికొస్తే అది దేవుడి ముందు పెట్టాలి. ఆరాధన అయ్యాక అక్కడే వేలంపాట పాడతారు. అంతకుముందు ఆదివారం పాస్టరు అయ్యగారు, దేవుడికిచ్చేది మచ్చలేకుండా, శుభ్రంగా ఉండాలని గట్టిగా చెప్పారు. మావాళ్లు ఏది చేసినా ఒక చెయ్యి ఎక్కువే. గుమ్మడికాయలకు నూనె రాశారు, కోడిగుడ్లు ఉప్పునీళ్లతో కడిగారు. ఒకాయన పుంజు కాళ్లకు సబ్బు పెట్టి తోమి తెచ్చాడు. ఆ పుంజు ప్రసంగం అయిపోయేదాకా అరుస్తూనే ఉంది.

అందరికంటే వెనక వచ్చింది నరసమ్మ. మొగుడు పోయి కూలి చేసుకుని బతికే మనిషి. ఆ ఏడాది ఎండాకాలంలోనే కాలవలో బాప్తీస్మం తీసుకుంది. అయ్యగారు మార్తమ్మ అని పేరు పెట్టారు గానీ ఆయన తప్ప ఎవరూ అలా పిలిచింది లేదు. ఆమెకు సెంటు భూమి లేదు, పెరట్లో కోడి లేదు. తొలిపంట అంటే ఏం తెస్తుంది? తెల్లవారుజామునే అడవికి పోయి పుట్టగొడుగులు తెచ్చింది. బుట్టలో పచ్చటి టేకాకులు పరిచి, వాటి మీద మల్లెపూలు పోసినట్టు పేర్చింది. ఎక్కడా మట్టి లేదు. చర్చి చర్చంతా ఆ బుట్ట వైపు తిరిగింది. నూనె రాసిన గుమ్మడికాయలు వెలవెలబోయాయి.

నరసమ్మ ముందుకు పోకుండా గుమ్మం దగ్గరే నిలబడి, "సుగుణక్క సూసినాక పెడ్తా" అంది. సంఘపెద్ద దేవరాజు లేచి, "సుగుణక్కా, ఒకపారి రాక్కా" అని పిలిచాడు.

అత్త గంజి పెట్టిన తెల్ల చీర సర్దుకుంటూ ముందుకు పోయింది. నేను ఆడవాళ్ల వరసలో ముందే కూర్చుని ఉన్నాను కాబట్టి ప్రతి మాటా వినిపించింది. ఒకటి చేతిలోకి తీసుకుంది, తిప్పింది, కాడ చివర చూసింది.

"వేర్లు యాడివే?"

"కోసేసినాక్కా. మన్ను పట్టుకోనుండె. దేవుని ముందర మన్ను పెడతామా?"

నాకు పుట్ట దగ్గరి మాట గుర్తొచ్చింది. ఇప్పుడు "ముట్టుకోను" అంటుందని చూస్తున్నాను. ఇంతలో దేవరాజు నవ్వుతూ అందరికీ వినబడేలా అన్నాడు.

"సుగుణక్క చేతికి వేర్లతో ఏం పనమ్మా? ఆ చెయ్యి తాకితే చాలు, అదే చెప్తాది. ఈ సుట్టుపక్కల ఈమె మాదిరి సూసేటోళ్లు ఎవురున్నారు?"

మగవాళ్ల వరసల్లోంచి "నిజమే, నిజమే" అన్నారు. అత్త వీపు నిటారుగా అయింది. చేతిలోది రెండుగా చీల్చి వాసన చూసింది. ఇంకొకటి తీసి గొడుగు కింది రేకులు చూసింది. తెల్లగానే ఉన్నాయి.

"బాగుండాయి. పెట్టు" అంది.

వచ్చి నా పక్కన కూర్చున్నాక నేను ఆగలేక, "వేర్లు లేకుండా ఎట్ల చెప్పినావత్తా?" అని చెవిలో అడిగాను.

"నోర్మూసుకోని పాట పాడు" అంది.

పాడాను. ఆమె అమ్మ నేర్పినవాటిలో నాకు చెప్పని గుర్తు ఇంకేదో ఉందనుకున్నాను. ఆ మాట మీద అనుమానం పడడం మా ఊళ్లో ఎవరికీ అలవాటు లేదు, నాకూ లేదు.

వేలంలో ఆ బుట్ట దేవరాజే పాడుకున్నాడు. వాళ్లమ్మకు ఇష్టమని. ఆమెను ఊరంతా పెద్దమ్మ అనేవాళ్లు, అసలు పేరు ఎవరికీ తెలియదు. నోట్లో పళ్లు లేవు, మాంసం నమలలేదు. వానాకాలం వస్తే పుట్టగొడుగుల కూర కోసం పసిపిల్లలా కాచుకునేది. బుట్ట ఇంటికి పోతుంటే ఆమె కర్ర ఊపుకుంటూ దాని వెంట పోవడం చూసి అందరూ నవ్వుకున్నారు.

మధ్యాహ్నం భోజనాలయి, ఇంకా ఎండ తగ్గకముందే దేవరాజు ఇంటినుంచి కేకలు. నా మొగుడు ప్రదీప్‌కు ఆటో ఉంది, అందుకని మమ్మల్నే పిలిచారు. పెద్దమ్మకూ దేవరాజు కోడలికీ ఆగకుండా వాంతులు, విరేచనాలు. దేవరాజు మాత్రం చర్చి పెద్దలతో పాటు అయ్యగారింట్లో భోంచేశాడు కాబట్టి ఆ కూర తినలేదు. ఆటోలో పెద్దమ్మ తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆళ్లగడ్డలో చూసి నంద్యాల తీసుకుపొమ్మన్నారు. దారిలో ఆమె కళ్లు గుంటలు పడిపోయాయి. నోరు ఎండిపోయి నాలుక అతుక్కుంటోంది.

"కూర మాత్రం బాగుండెమే నిర్మలా" అంది నా వైపు చూసి. అదే ఆమె నాతో మాట్లాడిన చివరి మాట.

ఆస్పత్రిలో డాక్టరు, తిన్నవాటిలో ఒకటైనా మిగిలి ఉంటే తెమ్మన్నాడు. ప్రదీప్ మర్నాడు పొద్దున బుట్ట అడుగున మిగిలిన రెండు తెచ్చాడు. ఒకటి మామూలుగానే ఉంది. రెండోదాని కింది రేకులు అప్పటికి పాచిపట్టిన నీళ్ల రంగుకు తిరిగాయి. డాక్టరు దాన్నే పట్టి చూపించాడు. లేతగా ఉన్నప్పుడు ఇదీ తెల్లగానే ఉంటుందట, ముదిరితేనే ఈ పచ్చ బయటపడుతుందట. వండినా దాని విషం పోదట. కోడలికి వయసు ఉంది కాబట్టి సెలైన్లతో తేరుకుంది. పెద్దమ్మ ఒంట్లో అంత సత్తువ లేదు. ఆ సాయంత్రం మా ఆటోలోనే ఆమెను వెనక్కి తెచ్చాం.

సమాధి చేసేరోజు అత్త ముందు వరసలో కూర్చుని గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆ ఏడుపు దొంగది అనను. పెద్దమ్మ ఆమెను చిన్నప్పుడు ఎత్తుకున్న మనిషి. కానీ నరసమ్మను ఎవరూ గేటు దాటి లోపలికి రానివ్వలేదు. ఆమె సమాధుల గోడ బయట నిలబడి, గోడ మీద చేతులు పెట్టుకుని చూసింది.

"పేరు మారితే మనసు మారతాదా?" అంది ఒకామె.

"దేవుని ముందరే విషం పెట్టింది సూడు, ఎంత ధైర్యము!" అంది ఇంకొకామె.

నేను నరసమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఏడవడం కూడా మర్చిపోయినట్టుంది. "పుట్ట మీద సగం బుట్టే దొరికినాయమ్మా. సగం బుట్ట దేవునికి ఎట్ల పెడ్తా అని, కాలవ పక్కన పశువుల బీట్లో కనబడితే అవీ ఏరినా. అందుకేగదా సుగుణక్కకు సూపిచ్చింది. ఆయమ్మ పెట్టు అనింది. నువ్వూ ఇన్యావు గదా?"

విన్నాను. చర్చి నిండా జనం విన్నారు. కానీ రెండు ఆదివారాలు తిరిగేసరికి ఊళ్లో చెప్పుకునే కథలోంచి మా అత్త మెల్లగా జారిపోయింది. నరసమ్మ తెచ్చింది, దేవరాజు పాడుకున్నాడు, పెద్దమ్మ పోయింది. నడుమ ఒక మనిషి లేచి, చీర సర్దుకుని, వాసన చూసి, "బాగుండాయి" అన్న సంగతి ఎవరి నోటా లేదు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారు. మా ఊళ్లో అత్త కొట్టిన కుండను అసలు కుండే కాదన్నారు.

ఇంట్లో బియ్యం చెరుగుతుంటే అడిగాను.

"అత్తా, నరసమ్మ నీకు సూపిచ్చి గదా పెట్టింది."

"సూపిచ్చింది. వేర్లు కోసి సూపిచ్చింది."

"వేరు లేకుంటే ముట్టుకోనంటివి."

చేట ఆగింది. "అంతమంది ముందర నాకు తెల్దని చెప్పల్నా?" అంది. గొంతు ఎంత చిన్నగా ఉందంటే, ఆమె గొంతేనా అనిపించింది. అంతలోనే చేట మళ్లీ ఆడించడం మొదలుపెట్టింది. "నీ మిషన్ పని నువ్వు సూసుకో పో."

తెలియదన్న ఆ ఒక్క మాట ఆమె ఆ రోజు దేవరాజుతో అని ఉంటే చాలు. ఆమె మీద నాకు ఎప్పటికీ కోపం ఉండేది కాదు.

ప్రదీప్‌కు చెప్పాను. "గమ్మునుండు నిర్మలా. అమ్మ పేరు పోతే మన ఇంటి పేరు పోతాది. నరసమ్మకు పోయేది ఏముండాది?" అన్నాడు. మొగుడు ఇంత తెలివైనవాడని అంతదాకా నాకు తెలియదు.

నేనే దేవరాజు ఇంటికి పోయాను. "అన్నా, మా యత్త సూసి బాగుండాయి అనింది గదా. నువ్వే పిలిచి సూపిస్తివి. నరసమ్మ ఒక్కదాన్ని ఎట్ల తప్పు పడతారు?"

తల్లి పోయిన మనిషి, నాకూ జాలేసింది. ఆయన అన్నాడు. "నీకూ మీ యత్తకూ పడదని ఊరందరికీ తెలుసమ్మా. ఇంట్లో కొట్లాట గుళ్లోకి తేవద్దు."

అంతే. నిజం చెప్పడానికి ముందు అత్తతో మంచిగా ఉండాల్సిందని నాకు తట్టలేదు. ఆయన బాధ నాకు అర్థమైంది. అత్తది తప్పయితే, ఆ చేతికి వేర్లతో పనేంటని నవ్వినవాడిదీ తప్పే అవుతుంది. తల్లి చావులో తన నవ్వు ఉందని ఏ కొడుకు ఒప్పుకుంటాడు? నరసమ్మదని అనుకుంటే ఆయన కంటికి కునుకైనా పడుతుంది.

మా దగ్గర కూలికి పోయే ఆడవాళ్లు గుంపుగా పోతారు. మధ్యాహ్నం చెట్టు కింద అందరూ క్యారియర్లు విప్పి కూరలు పంచుకుంటారు. పంచుకోవడం తినడానికి ఒక్కదానికే కాదు, గుంపులో ఉన్నట్టు లెక్క. నరసమ్మ కూర వైపు ఎవరి చెయ్యీ పోలేదు. ఆమె చెయ్యి చాపితే గిన్నె పక్కకు జరిగింది. నాలుగు రోజులు అలా తిని, తర్వాత ఎడంగా కూర్చుంది. కలుపులు ముదిరిన రోజుల్లో, మనుషులు దొరక్క ట్రాక్టర్లు చాగలమర్రి దాకా పోయి కూలీలను ఎక్కించుకొస్తున్నప్పుడు కూడా మేస్త్రి ఆమె ఇంటి ముందు ఆగలేదు. "నువ్వొస్తే తక్కినోళ్లు రామంటాండారు నరసమ్మా" అని మొహం మీదే చెప్పాడట.

వినాయక చవితి దాటాక మళ్లీ గట్టిగా ఉరిమింది. చావు జరిగిన ఊరు కదా, ఇక పుట్టగొడుగుల జోలికి పోరనుకున్నాను. భయం కంటే నాలుక గట్టిది. మర్నాడు పంచ మళ్లీ నిండింది. ఒక్కటే మార్పు, ఇదివరకటి కంటే అత్తకు మర్యాద పెరిగింది. "నువ్వు సూస్తేనే ముట్టుకునేదక్కా, లేకుంటే ఏమయితాదో సూస్తిమి గదా" అంటున్నారు. అదే నోటితో, అత్త చూసినదాన్ని తినే పెద్దమ్మ పోయిందన్న సంగతి మింగేసి మరీ అంటున్నారు. అత్త తల ఊపి చూస్తోంది.

అందరి వెనక నరసమ్మ వచ్చింది. ఆడవాళ్లు చీరలు దగ్గరికి తీసుకుని దారి ఇచ్చారు. నేను మిషన్ తొక్కడం ఆపాను. ఆమె బుట్ట కిందపెట్టి పైగుడ్డ తీసింది. పుట్ట మీద నుంచి ఇప్పుడే పెరికినవి. ఒక్కొక్కదానికీ మూరెడు వేరు, ఎర్రమట్టితో సహా. ఒక్క వేరు తెగలేదు. ఎంత ఓపిగ్గా గెలికి తీసిందో ఆమె గోళ్ల కింద నెత్తురు చూస్తే తెలుస్తోంది.

"అక్కా, వేర్లతో తెచ్చినా. అన్నీ ఒక్క పుట్టవే. నాకు తినడానికి వద్దు, అమ్మడానికీ వద్దు. తినొచ్చు అని ఒక్క మాట వీళ్ల ముందర చెప్పు. నువ్వు చెప్తే నన్ను గుంపులోకి పిలుస్తారు."

ఆమె బతుకు మొత్తం ఆ పీట ముందు పెట్టింది. అత్త ఒకటి తీసుకుంది. వేళ్లు కాడ మీదుగా జారి, వేరు వెంబడే పోయి, కొస దాకా తడిమాయి. నేను ఆ వేళ్లనే చూస్తున్నాను. ఆ వేళ్లకు తెలిసింది. అత్త తలెత్తి చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూసింది. నరసమ్మకు మంచిది ఏదో చెడ్డది ఏదో తెలుసని ఇప్పుడు ఒప్పుకుంటే, మరి ఆ రోజు తెలియనిది ఎవరికని ఎవరో ఒకరు అడుగుతారు. ఈరోజు కాకపోతే రేపు అడుగుతారు.

"థూ!" అంది. బుట్ట ఎత్తి రోడ్డు మీద బోర్లించింది. "కుక్కగొడుగులు. నీ చెయ్యే విషంమే. నా పంచ తొక్కొద్దు."

"అక్కా, వేరు సూడక్కా..."

"సూసినా. పో!"

నరసమ్మ పోలేదు. ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే నిలబడింది. నాకు కోపం ఆగలేదు. నేను లేచి రోడ్డు మీదికి పోయి, ఒక్కొక్కటే ఏరాను. ప్రతిదాని వేరూ పట్టి చూశాను. అత్త నేర్పిన విద్యే. ఒక్కదాని వేరు కిందపడి విరిగింది, దాన్ని వదిలేశాను. తక్కినవి తెచ్చి, పంచ ముందున్న కట్టెల పొయ్యి దగ్గర అందరూ చూస్తుండగా కడిగాను. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు తరిగి కూర పెట్టాను. ఒక్క మనిషి కదల్లేదు. తమాషా అంటే మావాళ్లకు పని గుర్తుండదు.

ప్రదీప్ ఆటో ఆపి పరిగెత్తుకొచ్చాడు. "పిచ్చి పట్టిందా నీకు? సచ్చిపోతావ్!"

"మీ యమ్మను అడుగు, సస్తానేమో."

పొద్దున చేసిన జొన్నరొట్టె తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాను. బాగా ఉడికాక కూర పళ్లెంలో వేసుకున్నాను. అత్త పీట మీద నుంచి అరుస్తోంది. "తినొద్దే! విషమే అది! అందురూ సూస్తాండారు గదా, రేపు నన్ను అనొద్దు! నా కోడలు నా మాట ఇనలేదని మీరే సాక్ష్యము!" గొంతు ఊరవతలికి వినిపిస్తోంది. నేను ఆమె మొహం చూస్తూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నిజంగా విషమని నమ్మిన మనిషి అయితే పీట మీంచి లేచి, పళ్లెం తన్నేస్తుంది. అత్త లేవలేదు.

నరసమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. అడగకుండానే నా పళ్లెంలో చెయ్యి పెట్టింది. ఇద్దరం కలిపి అంతా తిన్నాం. ఎన్ని రోజులైందో ఆమె ఒకరితో కలిసి తిని. ఆమె ఒక్కో ముద్దా నిదానంగా తింటుంటే నేనూ ఆమెతో పాటే నిదానంగా తిన్నాను.

చేతులు కడుక్కుని మిషన్ మీద కూర్చున్నాను. సాయంత్రం దాకా జాకెట్లు కుడుతూనే ఉన్నాను. ఆడవాళ్లు ఏదో ఒక సాకుతో అటూ ఇటూ తిరుగుతూ నా మొహం చూసిపోయారు. రామేశ్వరమ్మ అయితే నిమ్మకాయ అడుక్కుపోవడానికి రెండుసార్లు వచ్చింది, అంగడి నిండా నిమ్మకాయలు పెట్టుకుని.

నాకు ఏమీ కాలేదు. నరసమ్మకూ ఏమీ కాలేదు. ఇప్పటికైనా ఊరికి కళ్లు తెరుచుకుంటాయనుకున్నాను. ఆదివారం అయ్యగారు నన్ను ముందుకు పిలిచి, మరణకరమైనది తిన్నా దేవుడు కాపాడాడని సాక్ష్యం చెప్పమన్నారు. మంచి పుట్టగొడుగులు తింటే ఏమవుతుందయ్యా అన్నాను. ఎవరూ వినలేదు, చప్పట్లు కొట్టారు. నరసమ్మను కూడా దేవుడే కాపాడాడన్నారు గానీ కూలికి మాత్రం పిలవలేదు. శనగ పనులు మొదలవగానే ఆమె ఇంటికి తాళం పెట్టి కోయిలకుంట్లలో చెల్లెలి దగ్గరికి పోయింది. మళ్లీ రాలేదు.

అత్త ఇంకా ఆ పీట మీదే కూర్చుంటుంది. వాన పడితే పంచ ఇంకా నిండుతుంది. వేర్లు లేనిది ఎవరైనా తెస్తే ఇప్పుడు గిన్నె ముట్టుకోకుండానే పొమ్మంటుంది. ఆ విషయంలో నేను ఆమెను తప్పు పట్టలేను. నాతో మాత్రం ఆ రోజు నుంచి మాట లేదు. ఉప్పు కావాలన్నా ప్రదీప్‌తోనో గోడతోనో చెబుతుంది. ఎదురు తిరిగిన కోడలని నామీద కోపమని ఊరు అనుకుంటుంది. అది కాదు. ఆమె విషమన్నదాన్ని తిని నేను చావలేదు, కనీసం నాకు కడుపునొప్పి అయినా రాలేదు. ఆ ఒక్కదానికే ఆమె నన్ను ఈనాటికీ క్షమించలేదు.